ఎర్ర కార్బన్ సైకిలూ, నా నడుమూ

సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్, అంటే వంపు హ్యాండిలున్న రేసు తరహా సైకిల్, అమ్మేవాళ్ళందరూ ఒకే ఫొటో పెడతారు. గోడకు ఆనించి, కుడివైపు నుంచి, చైను పెద్ద పళ్ళచక్రం మీద పెట్టి, ఎండ బాగా పడేలా. చూడముచ్చటగా ఉంటుంది. దాన్నిబట్టి తెలిసేది మాత్రం రంగు ఒక్కటే. అందుకని, ఒకటి కొందామని చూస్తున్న నేను వేరే ఫొటోలు అడుగుతున్నాను: బాటమ్ బ్రాకెట్ (పెడల్ కడ్డీల ఇరుసు ఉండే చోటు) కింద సీరియల్ నంబరు, ముందు చక్రం వెనకాల డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ వైపు నుంచి పెడళ్ళ దాకా దిగే గొట్టం) అడుగు, రిమ్ము మీద బ్రేకు పట్టే అంచు, స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క) పక్కనుంచి. ఇవి పంపడానికి విసుక్కున్నవాళ్ళకు ఓ నమస్కారం పెట్టి వదిలేస్తున్నాను. సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఆ నమస్కారం కూడా లేదు. ఎవరి ఇంట్లోంచి ఎత్తుకొచ్చిందో!

నాకు నలభై ఆరేళ్ళు. ఇప్పుడు తొక్కుతున్నది తిన్నటి హ్యాండిలున్న హైబ్రిడ్. మంచి సైకిలే. కానీ ఎదురుగాలి వచ్చినప్పుడు వంగి తొక్కే వీలు లేదు, చేతులు మార్చుకునే చోటు లేదు, గంట దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. రోడ్ బైక్ వంపు హ్యాండిల్ మీద చేతులు పెట్టుకునే చోట్లు మూడు, నాలుగు ఉంటాయి. నాకు కావలసింది అదీ, కాస్త తేలికపాటి బండీ. వేగం గురించి పెద్ద ఆశల్లేవు.

కొత్తది ఎందుకు కొనవని అడుగుతారు. రోడ్ బైక్ కొని, ఒక సీజను తొక్కి, మోజు తీరి మూలన పెట్టేవాళ్ళు చాలామంది. పైగా కొత్త మోడళ్ళన్నీ దాదాపు డిస్క్ బ్రేకులకు మారిపోయాయి. 2018లో సైక్లింగ్ అంతర్జాతీయ సమాఖ్య రోడ్డు రేసుల్లో డిస్క్ బ్రేకులకు పూర్తిగా తలుపులు తీశాక ఆ మార్పు ఊపందుకుంది. దాంతో చక్రం అంచునే పట్టే రిమ్ బ్రేకుల బళ్ళకు గిరాకీ తగ్గింది. అవి పాడైపోయి తగ్గలేదు, ఫ్యాషన్ పోయి తగ్గింది. ఫ్యాషన్ పోయిన వస్తువంత లాభసాటి బేరం ఇంకోటి లేదని నా నమ్మకం.

మొదట మనసు పడింది ఒక ఎర్రటి కార్బన్ సైకిల్ మీద. ఫ్రేము 52 సైజు, జపాన్ కంపెనీ షిమానో వారి అల్టెగ్రా ఆర్8000 గ్రూప్‌సెట్, అంటే గేర్లూ బ్రేకుల సెట్టు. మా అక్క కొడుకు రేసులు తొక్కుతాడు, వాడికి ఫొటోలు పంపితే వెంటనే ఫోను. "పిన్నీ, ఈ ధరకి ఈ గ్రూప్‌సెట్ మళ్ళీ దొరకదు, రేపే వెళ్ళి తెచ్చేసుకో" అన్నాడు.

తెచ్చేసుకునే ముందు టేపు తీశాను. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకం పైకి నొక్కిపెట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలిస్తే 76 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో గుణిస్తే సీటు ఎత్తు వస్తుంది, అంటే పెడల్ కడ్డీ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా. అమెరికన్ సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరు మీద ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. నాకు 67 సెం.మీ. వచ్చింది. అదే కొలతను 0.67తో గుణిస్తే పాతకాలపు లెక్కలో ఫ్రేము సైజు, 51కి అటూ ఇటూ. కాబట్టి 52 అంటే సరిపోయినట్టే.

కాగితం మీద సరిపోయింది. పక్కనుంచి తీసిన ఫొటో వచ్చాక తెలిసింది అసలు సంగతి. స్టెమ్ కింద ఎత్తు పెంచే రింగు, స్పేసరు, ఒక్కటి కూడా లేదు, పైన కూడా లేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నుంచి పైకి వచ్చే గొట్టాన్ని, స్టీరర్ అంటారు, అమ్మే అతను తనకు నచ్చిన ఎత్తులో కోయించేశాడు. కోసిన స్టీరర్‌కు అతుకు వెయ్యరు. మళ్ళీ ఎత్తు కావాలంటే ఫోర్కు మొత్తం మార్చాలి, కార్బన్ ఫోర్కు ఖరీదు చిన్నది కాదు. స్టెమ్‌ను తిరగేసి బిగించడం ఒక దారి. లెక్క వేశాను: 6 డిగ్రీల వంపున్న 100 మి.మీ. స్టెమ్ తిరగేస్తే హ్యాండిల్ సుమారు 2 సెం.మీ. పైకి వస్తుంది. నా నడుము అడుగుతున్నది 4.

"వంగడం అలవాటైపోతుంది పిన్నీ" అన్నాడు వాడు. ఇరవై రెండేళ్ళవాడికి అలవాటు కానిదేముంది!

సైజు చూసేటప్పుడు చాలామంది 52, 54 అన్న అంకె దగ్గరే ఆగిపోతారు. ఆ అంకెను ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. నమ్మదగినవి స్టాక్, రీచ్ అని కంపెనీలు ఇచ్చే రెండు కొలతలు. పెడల్ కడ్డీ ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ (స్టీరర్ దూరే ఫ్రేము ముందు గొట్టం) పై అంచు ఎంత ఎత్తులో ఉందన్నది స్టాక్, ఎంత ముందుకు ఉందన్నది రీచ్. రేసు ఫ్రేముకూ, అంతగా వంగకుండా దూరాలు తొక్కే ఎండ్యూరెన్స్ ఫ్రేముకూ ఒకే 52లో స్టాక్ మూడు, నాలుగు సెంటీమీటర్లు తేడా రావచ్చు. నా నొప్పులన్నీ ఆ తేడాలోనే ఉన్నాయి.

ఎర్ర సైకిలుకు ఇంకో చిక్కు కూడా ఉంది. 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా తయారైన అల్టెగ్రా, డ్యూరా ఏస్ 11 స్పీడు (వెనక 11 గేర్ల) క్రాంకుల్లో, అంటే పెడల్ కడ్డీల్లో, కొన్ని నమూనాలకు లోపల అతికించిన భాగాలు విడిపోయే ప్రమాదం ఉందని 2023 సెప్టెంబరులో షిమానోయే ప్రకటించి, తనిఖీకి తెమ్మంది. ఈ బండి క్రాంకు, ఎఫ్‌సీ-ఆర్8000, ఆ జాబితాలో ఉంది. క్రాంకు చేతి వెనకవైపు చిన్న అక్షరాల్లో తయారీ కోడ్ ఉంటుంది, చూసి చెప్పమని అడిగాను. తనిఖీ సంగతే తనకు తెలియదన్నాడు. ఇది కొనడానికి అడ్డం కాదు, చూపించుకుంటే తేలిపోతుంది. స్టీరర్ అలా తేలేది కాదు. వదిలేశాను. ఆ ఎరుపు మాత్రం చాలా బాగుంది.

రెండోది బూడిదరంగు అల్యూమినియం బండి, కార్బన్ ఫోర్కు, రిమ్ బ్రేకులు, షిమానో టియాగ్రా 4700 గేర్లు. ఫొటో చూసి ఎవరూ లొట్టలు వెయ్యరు. స్టెమ్ కింద 3 సెం.మీ. స్పేసర్లు ఉన్నాయి, ఫ్రేము ఎండ్యూరెన్స్ రకం. చూడటానికి వెళ్ళాను.

అమ్మే ఆయన మొదట అన్నమాట "ఎక్కువ తిరగలేదండీ, ఇంట్లో ట్రైనర్ మీదే తొక్కాను". ఈ మాటకు సంతోషపడకూడదు. ట్రైనర్ అంటే సైకిల్‌ను కదలకుండా బిగించి తొక్కే స్టాండు, దాని మీద దుమ్ము పడదు గానీ చెమట పడుతుంది. గాలి ఆడదు కాబట్టి అది నేరుగా హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్ బేరింగుల్లోకి, స్టెమ్ బోల్టుల్లోకి, హ్యాండిల్ టేపు కిందకి దిగుతుంది. ఉప్పునీళ్ళు అల్యూమినియాన్ని తింటాయి. టేపు ఒక చివర విప్పి చూపించమన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు గానీ విప్పాడు. తెల్లటి బూజులాంటి పొడి లేదు. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పాను. తిన్నగా ఉన్నచోట గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగు గుంటలు పడిందన్నమాట. ఆగలేదు. ముందు బ్రేకు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే కటకటలాడలేదు.

డౌన్ ట్యూబ్ అడుగున, హెడ్ ట్యూబ్ దగ్గర వేలితో తడిమాను. ఎదురుగా దేనికైనా గుద్దుకున్న ఫ్రేముకు అక్కడ పెయింటు ముడతలు పడుతుంది. కంటికంటే వేలికి ముందు తెలుస్తుంది. కుడివైపు బ్రేకు లీవరు తొడుగు మీదా, చైనును గేరు నుంచి గేరుకు జరిపే వెనక డీరైల్యర్ మీదా గీతలున్నాయి. కుడివైపు పడిందన్నమాట. నిలబెట్టినది ఒరిగిపోయిందని చెప్పాడు, డీరైల్యర్ వేలాడే ముక్క, హ్యాంగర్, కొద్దిగా లోపలికి వంగిన మాట నిజం. అది సరిచేసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

తర్వాత సీటు గొట్టం. బోల్టు వదులు చేసి పైకీ కిందకీ కదిపి చూపించమన్నాను. ఫ్రేములో పట్టేసిన సీట్ పోస్టును బయటికి లాగడం మెకానిక్కులకే ప్రాణసంకటం. కిర్రుమని కదిలింది. చాలు.

రిమ్ముల మీద అరుగుదల చూపించే గాడి ఇంకా స్పష్టంగా ఉంది. నాకు ఇదే పెద్ద ఊరట, ఎందుకంటే రిమ్ము అరిగితే చక్రమే మార్చినంత ఖర్చు.

చైను దగ్గర దొరికిపోయాడు. అంగుళాల స్కేలు తీసుకెళ్ళాను. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను రావాలి. 1/16 అంగుళం జరిగితే చైను మార్చాలి, 1/8 జరిగితే అది కేసెట్ (వెనక పళ్ళచక్రాల కట్ట) పళ్ళను కూడా తినేసినట్టే. ఇక్కడ 1/8 దాటింది. తొక్కి చూస్తే, బలంగా తొక్కినప్పుడల్లా వెనక చిన్న చక్రాల మీద చైను జారుతోంది. గేర్లు ట్యూన్ చేస్తే పోతుందన్నాడాయన. పోదు.

నిజానికి ఆ కేసెట్ 11-28, అంటే చిన్న చక్రానికి 11 పళ్ళు, పెద్దదానికి 28, దాన్ని నేను ఎలాగూ ఉంచుకోను. డీరైల్యర్ పొడుగు కేజ్‌ది (చైనును లాగి పట్టే చట్రం), వెనక 34 పళ్ళ దాకా పడుతుంది. ముందు 34, వెనక 34 అంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టే. ఏ ఎత్తయినా దిగకుండా ఎక్కుతాను. ఒక జాగ్రత్త: టియాగ్రా 4700 పేరుకు 10 స్పీడే గానీ, గేరు మార్చే షిఫ్టర్ కేబుల్ లాగే కొలత 11 స్పీడు వాటిది. పాత 10 స్పీడు డీరైల్యర్ చవగ్గా దొరికిందని తెస్తే పొసగదు. చైను, కేసెట్ మాత్రం మామూలు 10 స్పీడువే.

ఇవన్నీ ఆయనకు చెప్పలేదు. చైను, కేసెట్, హ్యాంగర్, బ్రేకు రబ్బర్లు, ఎండి పగుళ్ళిచ్చిన టైర్లు, అన్నిటి ధరలూ వేసి, ఆ మొత్తం తగ్గించుకుని ఒక అంకె చెప్పాను. చైను ఒక్కదానికే తగ్గిస్తానని రాత్రి మెసేజీ పెట్టాడు. అరిగిన కేసెట్ మీద కొత్త చైను వేస్తే ఇంకా ఎక్కువ జారుతుంది, రెండూ కలిపి మార్చాల్సిందేనని జవాబిచ్చి, టైర్లు నా ఖాతాలో వేసుకున్నాను. ఆదివారం పొద్దున రమ్మన్నాడు. పెడల్స్ తన దగ్గరే ఉంచుకుంటాడట.