జిన్నీ స్ప్రింగ్స్‌లో రెండు మీటర్ల గొట్టం

అట్లాంటా నుంచి ఐ-75 మీద కిందికి దిగే తెలుగువాళ్లు దాదాపు అందరూ ఓర్లాండోకే వెళతారు. మేము మాత్రం ఫ్లోరిడాలో గెయిన్స్‌విల్ రాకముందే పక్కకి తిరిగి హై స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో దిగాం. దానికి కారణం మా తోడల్లుడు. నీళ్లు నిండిన గుహల్లో ఈదడం నేర్చుకుందామని చాలాకాలంగా నా వెంట పడుతున్నాడు. ఇంట్లో అక్కచెల్లెళ్లిద్దరికీ "స్ప్రింగ్స్ చూడ్డానికి", అంటే నీటి ఊటలు చూడ్డానికి అని చెప్పి బయల్దేరాం. అది అబద్ధమేమీ కాదు.

వారాంతం కాబట్టి మోటెల్ గదికి రేటు పెంచేశారు. వీపున మోసే జంట సిలిండర్ల అద్దె వేరు, వాటిలో పీల్చే గ్యాస్ నింపినందుకు వేరు, లైట్లకి వేరు, కోర్సు ఫీజు ఎలాగూ ఉంది. సరే, అవన్నీ ఊహించినవే. నాకు ఒళ్లు మండింది వేరే విషయానికి. డైవింగ్ మొదట నేర్చుకున్నప్పుడు ఒక షాపువాడు తియ్యగా మాట్లాడి అంటగట్టిన సామాను నా దగ్గర ఉంది. జేబుల జాకెట్, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఒకటి చాలదన్నట్టు పసుపు గొట్టంతో రెండోది, మూడు గేజీలూ ఒకే డబ్బాలో ఇమిడిన కన్సోల్, లాగితే సాగి వదిలితే వెనక్కి పోయే తాళ్లు, నీటిపైన తేలుతూ గాలి పీల్చే గొట్టం స్నార్కెల్. అరవై దాటిన మా ఇన్‌స్ట్రక్టర్ వాటన్నిటినీ ఆ ఊరి దగ్గరి ఊటల పార్కు జిన్నీ స్ప్రింగ్స్‌లో ఒక చెట్టుకింద పిక్నిక్ బల్ల మీద పరిపించి, ఒక్కొక్కటే తీసి మళ్లీ నా సంచిలో వేయడం మొదలుపెట్టారు. పక్కన శాంటా ఫే నదిలో ట్యూబుల మీద తేలడానికి వచ్చిన కుర్రకారు బీరు డబ్బాలు పట్టుకుని మమ్మల్ని చూస్తూ పోతున్నారు.

గుహలో పైకి లేస్తే గాలి ఉండదు, రాయి ఉంటుంది. కాబట్టి స్నార్కెల్ దండగ. సాగే తాళ్లు దారి చూపే తాడుకి చిక్కుకుంటాయి. వేలాడే కన్సోల్ అడుగున బురద లేపుతుంది, ఆ బురద లేచిందంటే చెయ్యి కూడా కనపడదు. ఆయన చెప్పిన ప్రతి కారణమూ సబబుగానే ఉంది, అందుకే ఇంకా చిరాకేసింది. చివరికి నా సామాన్లో మిగిలినవి మాస్కు, లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్, కాళ్లకి తొడుక్కునే ఫిన్స్. ఫిన్స్ కూడా నల్లవైతే బాగుండేదన్నారు. అది మాత్రం నేను ఒప్పుకోలేదు. నీలం ఫిన్స్ వేసుకున్నందుకు గుహలో చచ్చినవాడు ఎవడూ లేడు. ఇక్కడివాళ్లకి భద్రత ఎక్కడ ఆగుతుందో, ఫ్యాషన్ ఎక్కడ మొదలవుతుందో తెలియదనిపిస్తుంది ఒక్కోసారి.

వాటి బదులు ఆయన కట్టించింది చూడ్డానికి పేదగా ఉంటుంది. వీపుకి ఒక లోహపు పలక, దానికి ఎక్కడా కత్తిరించని ఒకే పట్టీతో భుజాలకీ నడుముకీ బిగింపు, వెనక గాలి తిత్తి. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌కి ఏడు అడుగుల గొట్టం. అది కుడిచేతి కింద నుంచి ఛాతీ మీదుగా వచ్చి మెడ వెనక నుంచి చుట్టుకుని నోటికి చేరుతుంది. రెండోది రబ్బరు తాడుతో గడ్డం కిందే వేలాడుతుంది. ప్రెషర్ గేజీ ఎడమ తుంటి దగ్గర. బ్యాకప్ లైట్లు రెండు, ఛాతీకి చెరోవైపు. కొక్కేలు లోహానికి లోహం తగిలించకుండా సన్నతాడుతో కట్టాలి, ఇరుక్కుంటే కత్తితో కోసుకోవచ్చు. ఈ పద్ధతికి హోగార్తియన్ అని పేరు. విలియం హోగార్త్ మెయిన్ అనే ఫ్లోరిడా గుహ డైవర్ నడిమి పేరు అది. ఫ్లోరిడాలోనే ఉన్న వకుల్లా అనే ఊట గుహల్లో మైళ్ల దూరం వెళ్లే జట్టు దీన్నే ఇంకా బిగించి, జట్టులో ఎవరి సామాను చూసినా ఒకేలా ఉండాలన్నారు. ఆ జట్టువాళ్లే 2007లో ఒక సింక్‌హోల్‌లో (నేల కుంగి ఏర్పడిన గుంటలో) దిగి దాదాపు 11 కిలోమీటర్లు నీటి కిందే వెళ్లి వకుల్లాలో తేలారు.

ఇదంతా వింటూ నేను "ఎవరి ఒళ్లు వాళ్లది, ఎవరి అలవాటు వాళ్లది కదా" అన్నాను. ఆయన వాదించలేదు. కళ్లు మూసుకోమని, భుజం పట్టి నాలుగడుగులు నడిపించి, బల్లమీద ఉన్న సామాను దగ్గర నిలబెట్టారు. కుడి బ్యాకప్ లైటు వెలిగించమన్నారు. వెలిగించాను. గేజీ అన్నారు, తుంటి దగ్గర దొరికింది. కుడి సిలిండర్ వాల్వ్ మూయమన్నారు, చెయ్యి నేరుగా దానిమీదకే పోయింది. కళ్లు తెరిచి చూస్తే అది నా సామాను కాదు. పక్క బల్ల దగ్గర శాండ్‌విచ్ తింటున్న ఒకావిడది. ఎప్పుడు సైగ చేశారో ఏమో, ఆవిడ నవ్వుతోంది. నా సామాను వెనక బల్ల మీదే ఉంది.

నాకు మా నాన్న పాత బుల్లెట్ గుర్తొచ్చింది. దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. హీరో హోండా నడిపే మా మామయ్య ఒకసారి దాన్ని అడిగి తీసుకెళ్లి, తెనాలి గేటు దగ్గర బ్రేకనుకుని గేరు తొక్కి, కొబ్బరిబోండాల బండిని గుద్దేశాడు. బండిలో లోపం లేదు, మామయ్య నడపడంలోనూ లేదు.

గొట్టం పొడవు సంగతి మధ్యాహ్నం తెలిసింది. గాలి అయిపోయినవాడు మీ మెడ దగ్గర ఉన్నదాన్ని మర్యాదగా అడగడు, నోట్లో ఉన్నదాన్నే లాక్కుంటాడు. అది పనిచేస్తోందని వాడికి కళ్లముందే కనిపిస్తోంది కదా. అందుకే నోట్లోదే ఇచ్చేయాలి, గడ్డం కిందది మనం పెట్టుకోవాలి. ఇద్దరు పక్కపక్కన పట్టని చోట ఒకరి వెనక ఒకరు రావాలంటే ఆ పొడవు కావాలి. పొడుగు గొట్టం కుడి వాల్వ్‌కే ఎందుకంటే, పైకప్పుకి రాసుకుంటూ ముందుకు పోతే ఎడమ వాల్వ్ మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు తిరుగుతుంది. తెచ్చుకున్న గాలిలో మూడోవంతుతో లోపలికి, మూడోవంతుతో బయటికి, మిగిలిన మూడోవంతు ఇలా లాక్కునేవాడి కోసం.

దీన్ని ముందు నేలమీద చేయించారు. చెట్ల మధ్య తాడు కట్టి, మాస్కులకి నల్లకాగితం అంటించి, మా తోడల్లుడు నా భుజం పట్టుకుని, మధ్యలో ఆ గొట్టంతో, ఇద్దరం తాడు తడుముకుంటూ నడిచాం. తాడు మీద ప్లాస్టిక్ బాణాలుంటాయి, వాటి మొన ఎప్పుడూ దగ్గరి బయటిదారి వైపే. చేత్తో తడిమి తెలుసుకోవాలి. ట్యూబుల కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ పెట్టిన పులిహోర ఆ మధ్యాహ్నం తిన్నంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

డైవ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బాల్‌రూమ్ అనే పెద్ద గుహ గదిలో సాధన, తర్వాత నదిలో ఉన్న డెవిల్స్ ఇయర్ అనే గుహ ద్వారం. నదిలోని టీ రంగు నీళ్లు దాటగానే కింద గాజులాంటి నీళ్లు, 22 డిగ్రీలు. ప్రవాహం ఎదురుతంతే రాళ్లు పట్టుకుని లోపలికి పాక్కుంటూ వెళ్లాం. కొంత దూరంలో యమదూత బొమ్మతో బోర్డు, ఈ గుహలో ప్రాణం పెట్టదగ్గది ఏదీ లేదని. గుహ శిక్షణ లేనివాళ్లు ఈ వైపు లైటు తీసుకెళ్లకూడదని ఇక్కడ నియమం ఉంది. చేతిలో లైటుంటే ఇంకాస్త లోపలికి చూద్దామనిపిస్తుందని. ఇన్ని నియమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మా బెలుం గుహలూ సున్నపురాయే, కానీ అక్కడ కరెంటు దీపాల కింద చెప్పులేసుకుని నడుస్తాం.

తిరుగు ప్రయాణంలో మా తోడల్లుడు మెక్సికో కబుర్లు మొదలుపెట్టాడు. అక్కడి సెనోటేల్లో, అంటే నీళ్లు నిండిన సున్నపురాయి గుంటల్లో, చాలామంది సిలిండర్లు వీపున కాకుండా పక్కలకి తగిలించుకుంటారు, పైకప్పు కిందికి ఉన్న సందుల్లో దూరడానికి. గొట్టాల దారులు వేరు, కొక్కేల చోట్లు వేరు. అతనికి అదే కావాలట. ఫోన్లో ధరలు కూడా చూస్తున్నాడు.

"నువ్వు అది కట్టుకుని, నేను ఇది కట్టుకుంటే చీకట్లో నీ లైటు ఎక్కడని వెతకను?" అన్నాను.

"అయితే మీరూ అదే కొనుక్కోండి అన్నయ్యా. ఇద్దరివీ ఒకేలా ఉండాలి కదా."

వాల్డోస్టా దాటేదాకా నేను మాట్లాడలేదు.