స్పోకులకీ కాలిపర్‌కీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు

కాలిపర్‌ను, అంటే డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టే బ్రేకు భాగాన్ని, పట్టి ఉంచే అల్యూమినియం ప్లేటును వేలితో తట్టి, "దీని మెటీరియల్ సర్టిఫికెట్ ఎక్కడ? ఇది ఇండియా కాదు" అన్నాడు తనిఖీకి వచ్చిన ఇంజనీర్. సర్టిఫికెట్ ఫైలులో రెండో పేజీలోనే ఉంది. చూశాడు, కొలతలు సరిచూసుకున్నాడు, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. బండి పాసైంది. ఆ రెండో మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల పాత మోటార్‌సైకిళ్ళను విప్పి మళ్ళీ కట్టే షాపుల్లో పనిచేసే మనవాళ్ళకు ఇలాంటి మాటలు కొత్తేమీ కాదు. అయినా స్పోకుల చక్రానికి ఈ కాలం బ్రేకు బిగించే పనిలో ఆ మాట ఎంతవరకు నిజం, ఎక్కడ అన్యాయం అన్నది విప్పి చెప్పుకోవాలనిపిస్తోంది.

ఇక్కడి షాపులకు తరచూ వచ్చే బండినే తీసుకుందాం. 1978కి ముందరి బీఎమ్‌డబ్ల్యూ ఆర్ 80/7. ముందు 19 అంగుళాల స్పోకుల చక్రం, 260 మి.మీ. డిస్క్ ఒకటి, దానికి ఆటే కంపెనీ కాలిపర్. ఆ కాలిపర్‌కు పిస్టన్ ఒకవైపే ఉంటుంది, మొత్తం కాలిపర్ ఒక పిన్ను మీద ఊగుతూ డిస్క్‌ను పట్టుకుంటుంది. బ్రేకు ఆయిల్‌ను కాలిపర్‌కు నెట్టే మాస్టర్ సిలిండర్ పెట్రోల్ ట్యాంకు కింద ఉంటుంది, లివర్ నుంచి అక్కడిదాకా కేబుల్ పోతుంది. 1981 మోడళ్ళకు వచ్చేసరికి బీఎమ్‌డబ్ల్యూయే ఆ పద్ధతి మానేసి, మాస్టర్‌ను హ్యాండిల్ మీదికి తెచ్చి ఇటలీ కంపెనీ బ్రెంబో కాలిపర్లు వేసింది. ఇప్పటి యజమానులు అడిగేది ఒకటే: నాలుగు పిస్టన్ల బ్రేకు కావాలి, స్పోకులు మాత్రం పోకూడదు.

ఈ రెండు కోరికలకూ సరిపడదు. కారణం కాలిపర్ లోపలి సగం. పాత ఊగే రకానికి డిస్క్ లోపలివైపు ఒక సన్నటి వేలు లాంటి భాగమే ఉంటుంది. బ్రెంబో పీ4 30/34 లాంటి కాలిపర్‌కు రెండు వైపులా పిస్టన్లు ఉంటాయి కాబట్టి లోపలి సగం కూడా బయటి సగమంత లావు. స్పోకులు లేకుండా ఒకే ముక్కగా పోసే పోత చక్రాన్ని గీసినప్పుడే ఆ లావుకు చోటు వదులుతారు. స్పోకుల చక్రంలో హబ్బు అంచు నుంచి స్పోకులు బయటికి పొడుచుకు వచ్చి, రిమ్ వైపు పోతూపోతూ మధ్యకు ఒదుగుతాయి. అంటే హబ్బుకు దగ్గరైన కొద్దీ కాలిపర్‌కు ఇరుకు, రిమ్‌కు దగ్గరైన కొద్దీ వెసులుబాటు.

అందుకే పెద్ద డిస్క్ ఇక్కడ అలంకారం కోసం కాదు. ఒక లెక్క చూడండి. హబ్బు దగ్గర, 60 మి.మీ. వ్యాసార్ధంలో, స్పోకు చక్రం నడిమి గీతకు 40 మి.మీ. దూరంలో ఉందనుకుందాం, రిమ్ దగ్గర, 225 మి.మీ. వ్యాసార్ధంలో, 5 మి.మీ. దూరంలో. కాలిపర్ కింది అంచు డిస్క్ అంచుకు 50 మి.మీ. లోపలికి దిగుతుందంటే, 260 డిస్క్‌తో ఆ అంచు 80 మి.మీ. వ్యాసార్ధంలో ఉంటుంది. అక్కడ స్పోకు నడిమి గీతకు దాదాపు 36 మి.మీ. దూరం. 320 డిస్క్‌తో అంచు 110కి పెరుగుతుంది, స్పోకు 29 మి.మీ.కి ఒదుగుతుంది. ఆరు మిల్లీమీటర్లకు పైగా చోటు దొరికింది. మొత్తం పనిలో ఇంత తేలిగ్గా దొరికే చోటు ఇంకొకటి లేదు.

మిగతా దారులన్నిటికీ ఏదో ఒక వెల ఉంది. డిస్క్ కింద స్పేసర్ వేసి బయటికి జరపొచ్చు, కానీ ఫోర్కు కాలు అడ్డొస్తుంది. రిమ్‌ను అవతలివైపుకు లాగి చోటు చేసేవాళ్ళున్నారు. దాంతో ముందు చక్రం వెనక చక్రం గీత నుంచి తప్పుతుంది, ఆ బండి చేతులు వదిలితే ఒక పక్కకు లాగుతుంది. అది చేయొద్దు. కాలిపర్ లోపలి ముఖాన్ని గ్రైండర్‌తో చెక్కడం అంతకంటే చెడ్డది, ఆ గోడ వెనకే ఆయిల్ ఒత్తిడి ఉంది. చోటు ఎంతకీ చాలకపోతే ఒకవైపు పిస్టన్లున్న ఈ కాలం ఫ్లోటింగ్ కాలిపర్ తీసుకోవడమే మర్యాద. దాన్ని కొత్త ప్యాడ్లతోనే కొలవాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ లోపలి వేలు డిస్క్ వైపు జరుగుతుంది, స్పోకుల నుంచి దూరమవుతుంది. కొత్త ప్యాడ్లతో చాలిన చోటు తర్వాత ఎప్పుడూ చాలుతుంది.

కొలిచే ముందు చక్రాన్ని సిద్ధం చేయాలి. బేరింగుల ఆట చూసి, రిమ్ అవుట్, అంటే వంకర, తీసి పక్కవాటు 0.5 మి.మీ. లోపలికి తేవాలి. స్పోకు వదులుగా ఉన్న చక్రం మీద తీసిన కొలతకు విలువ లేదు. తర్వాత ఫోర్కు కాలికి ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొసను స్పోకులకు తగిలీతగలనట్టు పెట్టి చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పితే అన్నిటికంటే బయటికి వచ్చిన స్పోకు తెలుస్తుంది. హబ్బు అంచుకు బయటివైపు నుంచి వచ్చే స్పోకుల్లోనే అది ఉంటుంది. ఆ స్పోకు మీద మెత్తటి మట్టి, పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్ అయినా చాలు, మందంగా అద్ది, ఖాళీ కాలిపర్‌ను దాని చోట నిలిపి చక్రం తిప్పాలి. నొక్కుకుపోయిన మట్టి మందాన్ని వర్నియర్‌తో కొలవాలి. నాలుగు మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. మూడుకు తగ్గితే బిగించకూడదు. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు మెలిపడుతుంది, హబ్బు కదులుతుంది, స్పోకు సాగుతుంది. ఆ మూడు మిల్లీమీటర్లు వీటన్నిటికీ కలిపి.

ఈ పని ఏ జర్మన్ పత్రంలోనూ రాసి ఉండదు. డిస్క్‌కు పత్రం ఉంటుంది, కాలిపర్‌కు ఉంటుంది, హోస్ పైపుకు ఉంటుంది. ఈ చక్రంలో ఈ స్పోకుకూ ఈ కాలిపర్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో చెప్పేది చేయే. ఆ చేయి మన విజయవాడ ఆటోనగర్‌లో కావలసినంత ఉంది. కాగితం మీద పెన్సిల్ గీత చూసి సాయంత్రానికి బ్రాకెట్ చేతిలో పెట్టే లేత్ మేస్త్రులను, వేలి గోటితో స్పోకు మీటి శబ్దం బట్టి బిగువు చెప్పే చక్రం మేస్త్రులను చూసినవాళ్ళకు "ఇది ఇండియా కాదు" అన్న మాట ఎక్కడ గుచ్చుకుంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి. ఇక్కడి రోడ్ల మీద తిరిగే కేటీఎమ్ 390 డ్యూక్‌లు పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ చేసి పంపినవి. వాటి ముందు చక్రానికి ఉండే బైబ్రే కాలిపర్, బ్రెంబో మన మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకుని పెట్టిన బ్రాండ్. వాటి మీద కూర్చుని ఆల్ప్స్ కొండలు దిగేవాళ్ళు ఎవరూ ఆ బ్రేకు ఎక్కడిదని అడగరు.

అయితే బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంజనీర్ అడిగిన మొదటి ప్రశ్న సరైనదే. దాన్ని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. బండీ మనిషీ కలిపి 300 కిలోలు అనుకుని, గురుత్వ త్వరణంలో 0.9 వంతు వేగం తగ్గేలా ముందు బ్రేకు పడితే టైరు దగ్గర దాదాపు 2,650 న్యూటన్ల బలం. టైరు వ్యాసార్ధం 0.32 మీటర్లు, ప్యాడ్లు పట్టే వ్యాసార్ధం 0.14 మీటర్లు. డిస్క్ ఒక్కటే అయితే ఆ ప్లేటు మీద పడేది సుమారు 6,000 న్యూటన్లు, అంటే ఆరు వందల కిలోలు వేలాడినట్టు. ఆ ప్లేటు 7075-టీ6 రకం అల్యూమినియం అయితే యీల్డ్ బలం, అంటే శాశ్వతంగా వంగడం మొదలయ్యే హద్దు, దాదాపు 500 మెగాపాస్కల్. 6082 అయితే దాంట్లో సగం. చూపుకు రెండూ ఒకటే తెలుపు. చెత్త దుకాణంలో తూకానికి కొన్న ముక్క ఏదో కంటికి తెలియదు, లేత్ మేస్త్రికి కూడా తెలియదు. అందుకే ఈఎన్ 10204 అనే యూరప్ ప్రమాణం ప్రకారం తయారీదారు పరీక్షించి ఇచ్చే 3.1 రకం సర్టిఫికెట్ ఉన్న ప్లేటే కొంటారు, ముక్క కోసేముందు దాని మీద నంబరు గుద్దుతారు. మన దగ్గర నైపుణ్యం కొరత లేదు, ఈ నంబరు గుద్దే అలవాటు లేదు. అది నేర్చుకోవడానికి డబ్బు కూడా అక్కర్లేదు.

ప్లేటు 10 నుంచి 12 మి.మీ. మందం. లోపలి మూలలు పదునుగా వదలకూడదు, కనీసం 3 మి.మీ. గుండ్రం ఇవ్వాలి, పగులు మొదలయ్యేది అక్కడే. అల్యూమినియంలో మర చుట్టు లోతు బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు: ఎం8కి 12, ఎం10కి 15 మి.మీ. బోల్టులు 8.8 లేదా 10.9 గ్రేడు. మెరుస్తుందని ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టు పెట్టొద్దు. దాని బలం 8.8 కంటే తక్కువ, పైగా మరలో పట్టేసుకుంటుంది. కాలిపర్ డిస్క్‌కు సరిగ్గా నడుమ నిలవాలి. రెండు వైపుల తేడా 0.2 మి.మీ. దాటితే షిమ్ (పల్చటి రేకు) వేయాలి. ప్యాడు డిస్క్ అంచు దాటి బయటికి వేలాడితే దాటిన భాగం అరగక గట్టులా మిగిలిపోతుంది, ఒకనాటికి ఆ రెండు గట్లూ ఒకదానికొకటి తగిలి బ్రేకు పడదు.

మాస్టర్ సిలిండర్ దగ్గరే చాలా అందమైన బండ్లు చెడతాయి. పీ4 30/34లో ఒకవైపు పిస్టన్ల వైశాల్యం 1,615 చదరపు మి.మీ. ఎదురెదురు పిస్టన్ల కాలిపర్‌లో ఒకవైపే లెక్కించాలి. దాన్ని మాస్టర్ పిస్టన్ వైశాల్యంతో భాగిస్తే 12 నుంచి 14 మధ్య వచ్చినప్పుడు రెండు వేళ్ళకు బాగుంటుంది. కాలిపర్ ఒక్కటైతే 13 మి.మీ. మాస్టర్‌తో 12.2 వస్తుంది, హాయి. చూడ్డానికి బాగుందని 19 మి.మీ. రేడియల్ మాస్టర్ వేస్తే 5.7. లివర్ రాయిలా ఉంటుంది, ఎంత పిసికినా బండి ఆగదు, తప్పు ప్యాడ్ల మీదికి నెడతారు. రెండు కాలిపర్లు వేస్తే 16 మి.మీ. మాస్టర్‌తో 16, కొంచెం మెత్తన, 19తో 11.4, కొంచెం గట్టి.

హోస్‌ను బిగించే బోలు బోల్టు, అంటే బాంజో బోల్టు, మర చూసుకోవాలి. బ్రెంబోకు సాధారణంగా ఎం10×1.0, జపాన్ వాటికి ఎం10×1.25. మొదటి రెండు చుట్లు తిరిగి బిగిసిపోతే బలవంతం చేయొద్దు. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి. హోస్‌ను హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, చక్రం గాల్లో వేలాడదీసి కూడా చూడాలి. ఎయిర్ తీసే నిప్పల్ కాలిపర్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. ఎడమవైపుది కుడివైపు వేస్తే అది కిందికి పోతుంది, ఎంత ఆయిల్ పంపినా గాలి లోపలే ఉంటుంది. అలాంటప్పుడు కాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల మధ్య ఒక చెక్క పెట్టి, నిప్పల్ పైకి తిప్పి ఎయిర్ తీయాలి. ఆయిల్ డాట్ 4. డాట్ 5 సిలికాన్‌ది, దాన్ని కలపకూడదు.

కాగితాల సంగతి. జర్మనీ వాహన నిబంధనల 19వ సెక్షన్ ప్రకారం ప్రమాదానికి దారితీయగల మార్పు చేస్తే బండి రోడ్డు అనుమతే రద్దవుతుంది. విడిభాగానికి తయారీదారు ఇచ్చిన నివేదిక ఉంటే బిగించిన తీరు చూసి ఒప్పుకుంటారు. సొంతంగా చేసిన బ్రాకెట్‌కు అలాంటిది ఉండదు కాబట్టి 21వ సెక్షన్ కింద ఆ ఒక్క బండికే పరీక్ష. పని మొదలుపెట్టకముందే గీతలు పట్టుకెళ్ళి ఇంజనీర్‌తో మాట్లాడితే సగం తలనొప్పి తగ్గుతుంది. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తయారీదారు కొలతలు మార్చొద్దనే అంటుంది, 2019లో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. తేడా ఏమిటంటే ఇక్కడ మంచిగా చేసినవాడికి పరీక్ష రాసి పాసయ్యే తలుపు ఒకటుంది. మన మేస్త్రులకు అలాంటి తలుపు తెరిస్తే ఎందరు పాసవుతారో ఆ ఇంజనీర్ చూడాలని నా కోరిక.

చివరగా, బండి రోడ్డెక్కాక చేయాల్సినవి. 36 మి.మీ. ఫోర్కు పైపులకు ఒకవైపే బలమైన బ్రేకు వేస్తే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. ఫోర్కు బ్రేస్ వేయాలి, లేదా డిస్క్ రెండోవైపు కూడా. బ్రేకు బలం హబ్బు నుంచి రిమ్‌కు చేరేది స్పోకుల గుండానే కాబట్టి స్పోకులు ఒకదాన్నొకటి దాటే అల్లికే ఉండాలి, హబ్బు నుంచి నేరుగా పోయే అల్లిక పనికిరాదు. బ్యాలెన్సు బరువులు స్పోకులకు గుచ్చే రకం వాడొద్దు, అవి జారి కాలిపర్‌లో ఇరుక్కుంటాయి. రిమ్‌కు అతికించేవి వాడాలి. కొత్త ప్యాడ్లను గంటకు 60 కిలోమీటర్ల నుంచి పది దాకా, పూర్తిగా ఆపకుండా, ఇరవై ముప్పై సార్లు తగ్గించి మలచాలి. మూడు నుంచి ఐదు వందల కిలోమీటర్లకు చక్రాన్ని మళ్ళీ లేపి, ప్రతి స్పోకు బిగువూ చూసి, రిమ్ అవుట్ కొలిచి, మట్టి అద్ది ఆ నాలుగు మిల్లీమీటర్లను మళ్ళీ కొలవాలి. వచ్చిన అంకెను తేదీతో సహా ఫైలులో సర్టిఫికెట్ పక్కనే రాసిపెట్టండి.