ఇంట్లో "ఇంకెన్నాళ్లు?" అని అడగకముందే

గ్రూప్స్ (తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలు) కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ వెతుక్కునేవాళ్లు ముందుగా అడిగేది బుక్‌లిస్ట్. అంతకంటే ముందు అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది: డబ్బు ఎన్ని నెలలు పంపగలరు, ఏ తేదీతో ఆపేయాలి.

"ఒక్క ఏడాది గట్టిగ చదువు బిడ్డా" అని పంపిస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. గ్రూప్-2 సంగతి చూడండి. 783 పోస్టుల నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. హాస్టల్, మెస్, రీడింగ్ రూమ్ కలిపి నెలకు 9,000 అనుకుంటే ఏడాదికి 1,08,000, రెండేళ్లకు 2,16,000. కోచింగ్ ఫీజు, టెస్ట్ సిరీస్ దీనికి అదనం. ఏడాదికని అప్పు తెచ్చిన ఇంట్లో పదమూడో నెల నుంచి ఫోన్లో గొంతు మారుతుంది. తప్పు వాళ్లది కాదు, ముందు అనుకున్న గడువుది. అందుకే మొదటి రోజే 24 నెలల లెక్క చూపించండి. అంత కుదరదంటే మొదటి నాలుగైదు నెలలు అశోక్‌నగర్‌లో ఉండి, నోట్స్ తయారయ్యాక ఇంటికి వెళ్లి చదవండి. నగరంలోనే ఉంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉండనే ఉంది, రీడింగ్ రూమ్ ఖర్చు మిగులుతుంది.

మార్కుల దగ్గర ఇంకో అపార్థం. ఇంటర్‌లో వెయ్యికి 950 చూసిన నాన్నకు మాక్ టెస్ట్‌లో 150కి 82 అంటే ఫెయిలైనట్టే వినిపిస్తుంది. విడిగా స్కోరు చెప్పకండి. అదే టెస్ట్‌లో టాపర్ స్కోరు, మీ పోయిన నెల స్కోరు కలిపి చెప్పండి. వారానికి ఒక్కసారి, ఆదివారం టెస్ట్ అయ్యాక చెబితే చాలు. రోజూ చెబితే రోజూ తీర్పే.

లక్ష్యం విషయంలో ఎక్కువ నష్టం చేసేది బంధువుల అబ్బాయి ఉద్యోగం. వాళ్లబ్బాయి డిప్యూటీ కలెక్టర్ కాబట్టి మనకూ గ్రూప్-1 అంటారు, అన్నీ ఒకటే పుస్తకాలు కదా అనీ అంటారు. గ్రూప్-2, గ్రూప్-3 మటుకు నిజంగానే దగ్గర: గ్రూప్-3లోని మూడు పేపర్లూ గ్రూప్-2 మొదటి మూడింటి దారిలోనే ఉంటాయి, గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం పేపర్ ఒక్కటే అదనం. గ్రూప్-1 మెయిన్స్ అలా కాదు. క్వాలిఫైయింగ్ ఇంగ్లిష్ కాక ఆరు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మూడు గంటలు చేత్తో రాయాలి. బిట్లు పెట్టడం అలవాటైన చేతికి ఇది నెలల తరబడి సాధన. ఆ సిలబస్ కాగితం ఇంట్లో చూపిస్తే వాదన సగం తగ్గుతుంది.

ఇక ఆపే తేదీ. యూపీఎస్సీ సివిల్స్‌లో జనరల్ వాళ్లకు ఆరు అటెంప్టులే. గ్రూప్స్‌లో అటెంప్టుల లెక్క లేదు, పైగా 2024లో వయోపరిమితి 44 నుంచి 46కి పెంచారు. అంటే బయటి నుంచి ఎవరూ ఆపరు. నోటిఫికేషన్లను బట్టి కాక క్యాలెండర్‌ను బట్టి ఒక నెల రాసుకోండి, ఆ తర్వాత ఏ ఉద్యోగం వెతుకుతారో కూడా రాయండి. కాగితం ఇంట్లోనే ఉంచండి.

అమ్మాయిలకు ఆ కాగితంలో ఇంకో వరుస కావాలి: ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్య పెళ్లిచూపులు వద్దని. 2024లో గ్రూప్-1 ప్రిలిమ్స్ జూన్ 9న, మెయిన్స్ అక్టోబరు 21న మొదలయ్యాయి. మధ్యలో ఉన్నది నాలుగున్నర నెలలే. సంబంధాల మాట మెయిన్స్ ఆఖరి పేపర్ తర్వాత ఎత్తుకుందామని ముందే ఒప్పించుకోవాలి. ఈ మాట నాన్నకంటే అమ్మతో మొదలుపెడితే తేలిక.