రేవుల జేసన్ లాగ్: లాంచ్ పోవట్లేదు, పంటు పోతోంది

దొరికిందండీ! లాంచ్‌ని తీసెయ్యమంటే పంటు, అంటే బళ్ళని దాటించే పెద్ద బల్లకట్టు, ఎందుకు పోతోందో ఇవాళ పొద్దున్న పట్టేశా. మ్యాప్ మొదటిసారి ఫోన్లో తెరుచుకున్నప్పుడు కూడా ఇంత సంతోషం లేదు.

గోదావరి రేవుల మ్యాప్‌లో ప్రతి రేవుకీ జేసన్ ఫైల్లో (డేటాని మామూలు అక్షరాల్లో దాచే పద్ధతి) ఒక అర్రే, అంటే వరస జాబితా, పెట్టా, ఏమేం ఎక్కి అవతలి ఒడ్డుకి పోవచ్చో అందులో ఉంటాయి. లాంచీలకి వేరే ఫైలు పెడదామని అన్ని అర్రేల్లోంచీ "లాంచ్" అనే విలువ తీసెయ్యాలి, అంతే పని. జావాస్క్రిప్ట్ కోడ్‌లో ఇండెక్స్‌ఆఫ్ అది ఎన్నో చోట ఉందో వెతుకుతుంది, స్ప్లైస్ ఆ చోటున ఉన్నదాన్ని తీసేస్తుంది. కోటిపల్లి–ముక్తేశ్వరం సుబ్బరంగా పోయింది. నరసాపురం–సఖినేటిపల్లి దగ్గరే ఇరుక్కుంది. ఒకసారి రన్ చేస్తే "లాంచ్, నాటు పడవ, పంటు" కాస్తా "లాంచ్, నాటు పడవ" అయ్యింది, మళ్ళీ చేస్తే ఒక్క "లాంచ్" మిగిలింది, ఇంకోసారి చేస్తే అదీ పోయి ఖాళీ అర్రే. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు. సఖినేటిపల్లి రేవులో పంటు లేదని చూపించే మ్యాప్ ఎవరికి కావాలండీ, బళ్ళు దాటేదే దాని మీద!

లాంచ్ రెండుసార్లు ఉందేమో, ఇండెక్స్‌ఆఫ్ మొదటిదాన్నే ఇస్తుంది కదా అనుకున్నా, లేదు, ఒకటే ఉంది. చివర స్పేస్ ఉందేమోనని అంచుల్లో స్పేస్‌లు కోసే ట్రిమ్ కొట్టా, మారలేదు. తర్వాత యూనికోడ్ నార్మలైజ్, అంటే ఒకే గుర్తుని రెండు రకాలుగా రాస్తే ఒకే రూపానికి తేవడం. ఐత్వాన్ని 3144 అని ఒకే కోడ్‌గా రాయొచ్చు, 3142, 3158 అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు, ఎన్‌ఎఫ్‌సీ అనే నార్మలైజ్ పద్ధతి వాటిని ఒకటి చేస్తుంది, కానీ లాంచ్‌లో ఐత్వం ఎక్కడుంది, అందుకే అక్కడా ఏం తేలలేదు.

అప్పుడు ఒక్కో మాటలో ఎన్ని యూనికోడ్ కోడ్‌లున్నాయో పొడవు కొలిచా. నేను కోడ్‌లో టైప్ చేసిన "లాంచ్" 5, ఫైల్లోది 6. ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతి బైట్లలో 15, 18. ఒక్కో కోడ్ విడిగా ప్రింట్ చేస్తే 3122, 3134, 3074, 3098, 3149, 8204. తెలుగు బ్లాక్ 3072 నుంచి 3199 దాకానే, మరి చివర ఆ 8204 ఏంటి? జీరో విడ్త్ నాన్ జాయినర్! పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది. వెడల్పే లేదు కాబట్టి గౌతమి ఫాంట్‌లో చూసినా నోటోలో చూసినా రెండు లాంచ్‌లూ ఒకేలా ఉంటాయి. ట్రిమ్ దాన్ని స్పేస్ అనుకోదు, నార్మలైజ్ దాని జోలికే పోదు. ఆ రేవు వివరాలు మా బావ ఫోన్లో కొట్టి పంపినవి, పొల్లుతో ఆగిన మాట చివర ఆ కీబోర్డే దీన్ని తగిలిస్తోందని నా అంచనా, ఎందుకంటే "పంటు", "నాటు పడవ" శుభ్రంగానే ఉన్నాయి.

మరి పంటు ఎందుకు పోయింది? విలువ దొరక్కపోతే ఇండెక్స్‌ఆఫ్ -1 ఇస్తుంది, స్ప్లైస్‌కి -1 అంటే ఆఖరిది, అక్కడ ఏదుంటే అది గల్లంతు. విలువని బట్టి తీసెయ్యడానికి ఈ జోడీ వాడనే కూడదంటాను. అక్కర్లేనివి వదిలి మిగతావి కొత్త అర్రేగా ఇచ్చే ఫిల్టర్ చాలు, దొరక్కపోతే దేన్నీ ముట్టుకోదు, నాలుగు చోట్ల ఉంటే నాలుగూ తీస్తుంది. పైథాన్ రిమూవ్ మొదటిదొక్కటే తీస్తుంది గానీ విలువ లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, ఆ పద్ధతి నాకిష్టం. టెర్మినల్లో అయితే జేసన్‌ని మార్చే జేక్యూ అనే ప్రోగ్రాంని మించింది లేదు, అర్రేలోంచి అర్రేని మైనస్ చేస్తే అన్నీ పోతాయి. ఇంతమాత్రానికి లోడాష్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ పెట్టడం దండగ.

ఇప్పుడు పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా 8204 తీసి చూస్తున్నా, ఫైల్లోది అలాగే ఉంచా. మొత్తం ఊడ్చేస్తే "మోటార్‌బోట్" కాస్తా "మోటార్బోట్" అయిపోతుంది, చదవబుద్ధి కాదు. నరసాపురం సరైంది, పంటు వెనక్కొచ్చింది.

ఇక వరదల సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదొచ్చినప్పుడల్లా పంటుని అర్రేలోంచి తీసి, నీళ్ళు తగ్గాక మళ్ళీ పెట్టే కన్నా పక్కన "ఆపారు" అని ఒక గుర్తు పెడితే మేలు. మూడూ ముప్పావుతో ముగిసేవే కాబట్టి బైనరీలో అచ్చంగా నిలుస్తాయి, సమానమా అని నేరుగా పోల్చొచ్చు, 11.7 లాంటివి లెక్కల్లోంచి వస్తేనే తంటా. కాకపోతే కొన్ని చోట్ల 11.75 కొటేషన్లలో పడి స్ట్రింగ్, అంటే అక్షరాల మాట, అయ్యింది, === తో పోలిస్తే అది అంకెతో కలవదు, ముందు వాటిని మార్చాలి. తర్వాత అంతర్వేది వైపు ఆటుపోట్ల టైములు ఎక్కిస్తా, రేవుకొక అర్రేగానా, తేదీ పేరుతో విలువ దాచే ఆబ్జెక్ట్‌గానా అన్నది ఇంకా తేల్చలేదు, ప్రస్తుతానికి ఆబ్జెక్ట్ వైపే మొగ్గుతున్నా.