వరి పొలాల మధ్య యేసు ప్రభువు సంవత్సరం

నా పుట్టిల్లు నాయుడుపేట వైపు. అక్కడ మాది లూథరన్ సంఘం. క్రిస్మస్‌కు ముందు ఎదురుచూసే నాలుగు వారాల ఆగమనకాలం రాగానే బలిపీఠం మీద ఊదారంగు గుడ్డ, క్రిస్మస్‌కు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, ఆ తరువాత నెలల తరబడి ఆకుపచ్చ. కోవూరు దగ్గరున్న అత్తగారి ఊళ్లో బాప్టిస్టు సంఘం. క్రిస్మస్, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం, ఈస్టరు తప్ప మిగిలిన పేర్లు ఇక్కడ పెద్దగా వినబడవు. అయినా చిన్నప్పుడు రంగుల్లో చూసిన, ప్రభువు జీవితాన్ని పండుగల వరుసలో గుర్తుచేసే ఆ సంఘ సంవత్సరం నాకు అర్థమైంది ఇక్కడి పొలాల వల్లనే.

క్రిస్మస్ కార్డుల్లో మంచు కురుస్తుంది. మన నెల్లూరు జిల్లాలో అప్పుడు ఈశాన్య రుతుపవనాల వాన. పెన్నా కాలువల కింద నారుమళ్లు, నాట్లు ఆ రోజుల్లోనే. 2023లో ఆగమనకాలపు మొదటి ఆదివారం డిసెంబరు 3. మిచాంగ్ తుపాను వాన నెల్లూరును ముంచెత్తుతున్న రోజు. మెలకువగా ఉండండి, ఇంటి యజమాని ఎప్పుడు వస్తాడో మీకు తెలియదు అని ప్రభువు చెప్పిన మాట ఇంట్లోనే చదువుకున్నాను. మామయ్య అప్పటికే పార తీసుకుని గట్టు తెగ్గొట్టడానికి వెళ్లారు. 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్లు తీశాక చూస్తే నారు పసుపు తిరిగి, వేళ్లు కుళ్లి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. మామయ్య మళ్లీ వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టారు. మూడో రోజు సంచి విప్పితే లోపల వెచ్చగా ఉంది. ప్రతి గింజకూ తెల్లటి ముక్కు. ఆ ఏడాది నాకు ఆగమనకాలమంటే ఆ సంచే.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నాటికి ఎండ ముదిరింది. చుట్టుపక్కల కోతలు మొదలయ్యాయి. రోడ్డు పొడవునా వడ్లు ఆరబోశారు. ఎవరు కలిసినా పుట్టి ధర గురించే మాట. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. ఇశ్రాయేలు దేశంలోనూ, ప్రభువు సిలువ మరణం జరిగిన పస్కా పండుగ కోతకాలమే. లేవీయకాండం 23వ అధ్యాయంలో ఉంది: విశ్రాంతిదినం, అంటే శనివారం, మరునాడు యాజకుడు తొలి పనను, అంటే కోసిన కంకుల కట్టను, దేవుని ఎదుట అల్లాడించాలి. యవలు పండే కాలం అది. అక్కడి నుంచి యాభయ్యో రోజున కొత్త పంట నైవేద్యం, అదే పెంతెకొస్తు. ప్రభువు సమాధిలో నుంచి లేచింది కూడా విశ్రాంతిదినం మరునాడే. అపొస్తలుడైన పౌలు ఆయనను ప్రథమఫలం అన్నది ఊరికే కాదు. మన వైపు కోతలు దాదాపు అదే వారాల్లో పడుతుంటే ఈ సంగతి ప్రసంగాల్లో ఎందుకు రాదోనని నాకు బాధ కలుగుతుంది.

2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడి వచ్చేటప్పుడు చూస్తే, మా చేను ఇంకా పచ్చి మీదే ఉంది. ఏప్రిల్ మధ్యలో కోశాం. మామయ్య ముందుగా కొడవలితో గుప్పెడు కంకులు కోసి, కుచ్చు అల్లి చర్చి వసారాలో వేలాడదీశారు. పిచ్చుకలు తింటాయని ఆయన లెక్క. నాకు లేవీయకాండం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

పెంతెకొస్తు తరువాత నెలల తరబడి పెద్ద పండుగలు లేవు. పొలాలు బీటలు వారి ఉంటాయి. పుట్టింట్లో ఆకుపచ్చ గుడ్డ ఉండే ఈ నెలలే నాకు అన్నిటికన్నా ఇష్టం. ప్రభువు ఊరూరా నడుస్తూ ఉపమానాలు చెప్పినవి చదువుకునే రోజులు. మా సండే స్కూలు పిల్లలకు మత్తయి 13లోని విత్తువాని ఉపమానంతో మొదలుపెట్టాను. విత్తనాలు దారి పక్కన, రాతి నేలలో, ముళ్ల పొదల్లో, మంచి నేలలో పడిన కథ అది. కాలువ చివరి పొలం వీటిలో ఏ నేల కిందికి వస్తుందని ఒక పిల్లవాడు అడిగాడు. అది మంచి నేలే నాన్నా, నీళ్లు పంచడంలో న్యాయం లేదు, అంతే అన్నాను. న్యాయాన్ని విడిచిపెట్టినవాళ్లతో ప్రభువు ఏమన్నాడో మత్తయి 23లో ఉంది. వచ్చే ఆదివారం అది చదువుతాం.