మన మధ్యాహ్నం పన్నెండింటికి కాదు

డిసెంబరు 23, మంగళవారం, హైదరాబాద్

పొద్దున భిన్నాలు చేద్దామని కూర్చున్నాం. మా పాప మాత్రం మిట్టమధ్యాహ్నం అంటే సరిగ్గా పన్నెండేనా అని పట్టుకుంది. పుస్తకం మూసేసి డాబా ఎక్కాం. మీటరు కర్రను స్టూలు కాలికి కట్టి, తాడుకు తాళంచెవి వేలాడదీసి, నిటారుగా ఉందో లేదో తనే చూసుకుంది. పావుగంటకోసారి నీడ కొసన సుద్దముక్కతో గీత.

పన్నెండింటి గీత కంటే పన్నెండుంపావు గీత అర సెంటీమీటరు పొట్టి! పన్నెండున్నరకు నీడ మళ్లీ పన్నెండింటి పొడవుకే వచ్చింది. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడే అసలు మిట్టమధ్యాహ్నం, అంటే మనకది పన్నెండుంపావుకు. కిందికొచ్చి అట్లాసు తీశాం. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద. అది కాకినాడ పక్కనుంచే పోతుంది. హైదరాబాద్ దాదాపు 78.5. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మనకు పదహారు నిమిషాలు ఆలస్యం. వెంటనే కాకినాడకు ఫోన్: "అమ్మమ్మా, మీ ఊళ్లో పన్నెండంటే నిజంగా పన్నెండే!"

1906లో ఇప్పటి టైమ్ రాకముందు రైళ్లు మద్రాసు టైమ్ ప్రకారం నడిచేవని చెబితే, ఆ తేడా కూడా లెక్కగట్టింది. తొమ్మిది నిమిషాలు. అన్నం తినేసరికి రెండయింది. ఈ తీరిక కోసమే నేను పిల్లను ఇంట్లో చదివిస్తున్నాను. గంట కొట్టి వేరే సబ్జెక్టుకు లేపేవాళ్లు లేరు.

సాయంత్రం ఎదురింటావిడ అడిగారు, "మరి టెన్త్ ఎలాగండీ?" అని. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు, ఎన్ఐఓఎస్, 1989 నుంచీ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే నేరుగా పదో తరగతికి రిజిస్టర్ చేసుకోవచ్చు. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, తెలుగు మీడియం కూడా. ఆవిడ కాస్త కుదుటపడ్డారు.

నా టెన్షన్ వేరే. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువు మాట అందులో లేదు, చేర్పించకపోతే శిక్షా లేదు. పిల్లల్ని పనికి పంపకుండా, ఆడపిల్లల్ని బడి మాన్పించకుండా అడ్డుకునే చట్టమది. దాన్ని సడలించమని నేనెన్నడూ అడగను. ఇంట్లో చదివించే కుటుంబాల పేర్లు రాసుకుని, ఏటా ఒక టీచరు వచ్చి పిల్లకేం వచ్చో కూర్చుని చూసే ఏర్పాటు ఉంటే చాలు. ఆ రిజిస్టరులో మొదటి పేరు మాదే ఇస్తాను.