కూచిపూడిలో చెప్పకుండా చెప్పిన మాటలు

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే రహదారిలో కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు చేరాక, చల్లపల్లి వైపు తిరిగే దారిలో కూచిపూడి వస్తుంది. నేను వెళ్ళింది కోతలు ముగుస్తున్న రోజుల్లో. దారికి ఇరువైపులా వరి కుప్పలు, కోసిన మళ్ళలో అప్పుడప్పుడే తలెత్తుతున్న మినుము పైరు కనిపించాయి. సిద్ధేంద్రయోగి రాసిన కూచిపూడి నృత్యనాటకం భామాకలాపాన్ని మాటలతో సహా, ఏదీ కత్తిరించకుండా నేర్పే గురువుగారు ఒకరు ఆ ఊళ్ళో ఉన్నారనీ, సత్యభామ తన చెలికత్తె మాధవితో మాట్లాడే ఘట్టాన్ని వేదిక మీదకన్నా పాఠంలో చూస్తేనే దాని లోతు తెలుస్తుందనీ ఒక స్నేహితురాలు చెప్పడమే ఈ ప్రయాణానికి కారణం.

ఊరు చిన్నది. బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి ఆలయం, సిద్ధేంద్రయోగి పేరిట వెలసిన కళాపీఠం, వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి ఇంటిపేర్ల వారు తరతరాలుగా ఉంటున్న వీధులు చూడటానికి ఒక పూట చాలు. నాకు మాత్రం గురువుగారింటి వసారాలోనే పొద్దంతా గడిచిపోయింది.

నేను వెళ్ళేసరికి ఆయన తల కదలికలు చెబుతున్నారు. అభినయదర్పణమనే పాత నాట్యశాస్త్ర గ్రంథం వాటిని తొమ్మిదిగా విభజించింది. అందులో పరివాహితమంటే తలను వింజామర వీచినట్లు అటూ ఇటూ ఊపడం. మోహానికి, విరహానికి, స్తోత్రానికి, సంతోషానికి, ఆమోదానికి, ఆలోచనకు కూడా అదే వాడమని శాస్త్రం చెబుతుంది. ఆ పొద్దునే బస్సులో కండక్టరును కూచిపూడిలో ఆపుతారా అని అడిగితే ఆయన నోరు తెరవకుండా సరిగ్గా అలాగే తల ఊపాడు. విదేశాల నుంచి వచ్చినవారికి ఆ కదలిక అవునో కాదో అంతుబట్టదు. మనకు ఆ సందేహమే రాదు. ఆమోదానికీ విరహానికీ కదలిక ఒకటే అయినప్పుడు చూసేవాళ్ళకు తేడా ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన మాటల్లో జవాబు చెప్పలేదు. ఒకసారి త్వరగా, కళ్ళు నావైపు నిలిపి తల ఊపారు. మరోసారి నెమ్మదిగా, చూపు నేల మీదికి జారుతుండగా ఊపారు. ఇక అడగవలసిన అవసరం కలగలేదు.

తరువాత అసలు ఘట్టం మొదలైంది. అద్దం ముందు నిలబడి తమ ఇద్దరిలో ఎవరు అందగత్తో, ఎవరు అందగాడో తేల్చుకోబోయిన సత్యభామ మాటకు కృష్ణుడు అలిగి వెళ్ళిపోయాడు. ఆమె మాధవి చేత కబురు పంపాలి. కబురు ఎవరికి, ఆయన పేరేమిటి అని మాధవి అడుగుతుంది. భర్త పేరు నోటితో చెప్పడం సత్యభామకు సిగ్గు. భర్తను సూచించే హస్తం, అంటే చేతి ముద్ర, శాస్త్రంలో ఉంది: ఎడమ చేతి హంసాస్యం (చూపుడువేలూ బొటనవేలూ కలిపిన ముద్ర) కంఠం దగ్గర, తాళి ఉండే చోట, కుడి చేత శిఖరం, అంటే పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టడం. శిష్యురాలు ఆ రెండు చేతులనూ ఒకేసారి, చక్కగా, తప్పు లేకుండా పట్టింది. గురువుగారు ఆపేశారు.

"చూపించకమ్మా. చెప్పకూడదనుకుంటూ ఉండగానే చెయ్యి అక్కడికి పోవాలి" అన్నారు.

ఆ తరువాత డెబ్బై దాటిన ఆ మనిషి, భుజం మీది కండువా కొంగుగా మారిపోగా, తానే చేసి చూపారు. మొదట వేళ్ళు కొంగు అంచును సవరించాయి. ఎవరైనా వింటున్నారేమోనని కంటి కొస ఒకసారి గుమ్మం వైపు వెళ్ళి వచ్చింది. కొంగు దగ్గరున్న చెయ్యి దానంతటదే పైకి జరిగి కంఠం దగ్గర ఆగింది. చూపుడువేలూ బొటనవేలూ కలిసీ కలవకముందే తల వాలింది. కుడి పిడికిలిలో బొటనవేలు సగమే లేచి ఆగిపోయింది. ఆ సగంలోనే సిగ్గు ఉంది, గర్వం ఉంది, అలిగి వెళ్ళినవాడి మీద బెంగ కూడా ఉంది. హస్తాలను పుస్తకం చూసి నేర్చుకోవచ్చునేమో గాని, ఆ సగం మాత్రం మనుషులను చూసి నేర్చుకోవలసినదే.

మాధవి అర్థం కానట్లు నటిస్తుంది. పిల్లనగ్రోవిని అభినయిస్తే పశువులు కాసేవాడా అని అడుగుతుంది. చివరికి పని చేసిపెట్టడానికి ముక్కెర కావాలంటుంది. ఈ మాధవిని వేసేది సూత్రధారుడే. అతడు వేషం మార్చుకోడు. సత్యభామ దగ్గర మాధవిగా, కృష్ణుడి దగ్గర మాధవుడిగా, గొంతుతోనూ నిలబడే తీరుతోనూ మారిపోతాడు.

పాఠం మధ్యలో గురువుగారి భార్య కాఫీ తెచ్చారు. ఆయన మొదటిసారి ఎప్పుడు ప్రదర్శన ఇచ్చారని అడిగితే, "మా పెద్దవాడు పుట్టేనాటికే వాళ్ళ నాన్నగారికి మాధవి వేషంలో మంచి పేరండీ" అన్నారు. అక్కడున్నంతసేపూ ఆవిడ నోట ఆయన పేరు నేను వినలేదు. కొత్త దంపతులు ఇంటికి వచ్చినప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డు నిలబడి, పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వననే వేడుక మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. మాధవి చేసేది ఆ ఆడపడుచు పనే. సిద్ధేంద్రుడు ద్వారక కథ చెబుతున్నా, అందులోని గుమ్మం మాత్రం తెలుగింటిదే అని నేను గట్టిగా నమ్ముతాను.

సత్యభామ ప్రవేశం మరీ విశేషం. ముందు కనిపించేది ముఖం కాదు, తెర మీదుగా వేలాడే జడ. తనతో పోటీకి రాగలవారు ఎవరైనా ఉంటే రమ్మని ఆ జడే సవాలు విసురుతుంది. ఈ పాత్రను శతాబ్దాలపాటు మగవారే ధరించారు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) సత్యభామను చూసినవారు ఇప్పటికీ ఆ నడకనూ ఆ ఓరచూపునూ తలచుకుంటారు. ఇంటి ఆడవారు కోపాన్ని మౌనంగా ఎలా తెలియజేస్తారో, వద్దంటూనే ఎలా పిలుస్తారో అంత శ్రద్ధగా గమనించడం కూడా ఒక గౌరవమేనని నాకు ఆ వసారాలో అనిపించింది.

ఇప్పుడు సభల నిర్వాహకులు చాలామంది సత్యభామ తనను పరిచయం చేసుకునే పాట, ప్రవేశదరువు ఒక్కటే అడుగుతున్నారని గురువుగారు బాధపడ్డారు. పది నిమిషాల్లో అయిపోవాలి, మాటలు వద్దు. ఆ బాధ నాకూ ఉంది. మాధవి లేని సత్యభామ తనను తాను పరిచయం చేసుకోగలదు గాని మనసు దాచుకోలేదు. దాచడానికి ఎదుట ఒక మనిషి ఉండాలి.

మధ్యాహ్నం దగ్గరలోని మొవ్వకు వెళ్ళి వేణుగోపాలస్వామిని దర్శించుకున్నాను. 17వ శతాబ్దపు క్షేత్రయ్య రాసిన పదాలనే శృంగార గీతాల్లోని మువ్వగోపాలుడు ఆయనే. ఆ పదాల్లో నాయిక అతనితో సూటిగా మాట్లాడేది తక్కువ. ఎక్కువగా చెలికత్తెతో అంటుంది, అతని చెవిన పడాలని. రావద్దని చెప్పి పంపుతూనే వాకిలి వైపు చూస్తుంది. గాయకుడు అదే పాదాన్ని మళ్ళీ మళ్ళీ పాడుతుంటే, నర్తకి ప్రతిసారీ దానికి వేరే మనసు పెట్టగలుగుతుంది. రావద్దన్న మాట ఒకసారి కోపం, ఒకసారి నిష్ఠూరం, ఒకసారి బతిమాలడం అవుతుంది.

సాయంత్రం సెలవు తీసుకోవడానికి తిరిగి గురువుగారింటికి వచ్చాను. మర్నాడు సత్యభామ లేఖ రాసే ఘట్టం చెప్పుకుందామనుకుంటున్నామని ఆయన శిష్యురాలితో అన్నారు, చూపు నా సంచి మీద ఉంది. "ఈ వేళప్పుడు పామర్రులో బస్సు దొరకడం కష్టమేమో అండీ" అని గురువుగారి భార్య ఆయనతో అన్నారు. ఉండమని నాతో ఎవరూ అనలేదు. నేను సంచి లోపల పెట్టి, మర్నాడు లేఖ ఘట్టం మొదటి నుంచి చివరిదాకా చూశాకనే బయలుదేరాను.